ఎద్దునిచ్చి కొన్న నిద్ర

నాంచారమ్మ గడ్డివామి కాడ గడ్డి పీకుతా ఉందంట. బండి చప్పుడైతే తలెత్తి చూసింది. చూస్తే ఏమైందంటే, కాడికి ఒక పక్క దాపటెద్దు నడుస్తా ఉంది, రెండో పక్క ఎలపటెద్దు లేదు, దాని చోట కాడి కింద భుజం పెట్టి మొగుడొస్తన్నాడు. పోలయ్య ఆయన పేరు. చెమటలు కారతా, మెడ కమిలిపోయి, ఒక పక్క ఎద్దు, ఒక పక్క మొగుడు, ఇద్దరూ కలిసి బండి లాక్కొస్తన్నారనుకో. అయ్యో, ఎద్దుకేమైందో, దారిలో పామన్నా కరిసిందేమో అనుకుని గడ్డి ఆడనే పారేసి ఉరికింది. ఉరికి, ఏమైంది, ఎలపటది ఏమైంది అని అడిగితే ఆయన కాడి దించాడు, తొట్టి కాడికి పోయి ఎద్దుతో పాటు తను కూడా దోసిలితో నీళ్ళు తాగాడు, తాగి అరుగు మీద కూర్చున్నాడు. చచ్చిపోయిందా అంటే లేదు, బతికే ఉంది అన్నాడు. మరి యాడుంది అంటే అద్దాల విడిదిలో ఉంది అన్నాడు. మన ఎద్దుకి అద్దాల విడిదిలో పనేంది అంటే, ఇచ్చేశా అన్నాడు. ఎందుకిచ్చావు అంటే, ఒక రాత్రి పడుకున్నా, దానికిచ్చా అన్నాడంట.

అద్దాల విడిది అంటే ఏందో మీకు చెప్పాలి గదా. సంతకు పోయే బాటలో, ఏరు దాటగానే ఉండేదంట. పానకాలరాయుడని ఒకాయన కట్టించాడు. రాజులు, రత్నాలమ్ముకునే షావుకార్లు, అట్టాంటోళ్ళు దిగే చోటు. గోడల నిండా అద్దాలు, యాడ నిలబడితే ఆడ నువ్వే నలుగురివై కనపడతావు. కిటికీలకి వట్టివేళ్ళ తడికలు, వాటి మీద పొద్దస్తమానం నీళ్ళు చల్లతా ఉంటారు, ఎండాకాలం కూడా చల్లంగా ఉంటదనుకో. పందిరిమంచాలు, దూది పరుపులు, ఇసిరేవాళ్ళు, ఒత్తేవాళ్ళు. అమ్మాయా, నేను చూశానా అంటే చూళ్ళా, మా మేనత్త చెప్పేది, ఆమె కూడా చూళ్ళా. మిరపకాయ తొడాలు తీస్తా వినండి, చేతులు ఆపమాకండి. ఆ విడిదిలో ఒక రాత్రి పడుకోవాలంటే ఒక మంచి ఎద్దు ఖరీదు ఇచ్చుకోవాలంట. ఉన్నోళ్ళు రొక్కం ఇస్తారు. పోలయ్య కాడ ఏముంది? ఎద్దే ఉంది.

ఈయన సంతకు ఎందుకు పోయాడంటే, విత్తనాలకీ, అరక కర్రు సానబెట్టించుకోటానికీ పోయాడు. మృగశిర కార్తె దగ్గర పడింది, పడమట మబ్బు లేస్తా ఉంది, ఒక్క వాన పడితే అరకలు కట్టాల. తిరిగొస్తా ఉంటే ఎద్దులు దప్పికతో నాలుక చాపినయ్యంట. విడిది ముందర తొట్టి కనపడితే ఆపాడు. ఆపితే, ఆ గుమ్మం కాడ నిలబడినోడు దండం పెట్టి, దయచెయ్యండి అయ్యగారూ అన్నాడు. పోలయ్య ఎనక్కి తిరిగి చూశాడంట, అయ్యగారు ఎవరా అని. ఎనకాల ఎవరూ లేరు. పుట్టిన కాణ్ణించీ ఆయన్ని ఒరే అన్నోళ్ళే గానీ, అయ్యగారూ అన్నోడు లేడు. ధర అడిగాడు. ఆ గుమ్మం కాడోడు దాచకుండా చెప్పాడు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాడు. ఈయన ఎద్దు మెడలో పలుపు ఇప్పి వాడి చేతిలో పెట్టాడు. మోసం లేదు, దగా లేదు, కల్లు తాగించింది లేదు. అదంతా తలొంచుకుని పెళ్ళానికి చెప్పాడంట.

నాంచారమ్మ కోపం ఎట్టాంటిదంటే, కాపరానికొచ్చిన కొత్తలో అత్త ఏదో అన్నదని గోడకి ఆరేసిన పిడకలన్నీ పీకి దిబ్బలో పారేసిందంట. పారేసి, కోపం తగ్గినాక మళ్ళీ పేడ కలిపి అన్ని పిడకలూ తనే కొట్టింది, ఎవర్నీ చెయ్యి పెట్టనియ్యలా. అట్టాంటి మనిషి. అరిస్తే ఊరు దాటి వినపడేది గానీ, ఆమె నోట్లోంచి అబద్ధం మాత్రం ఎవరూ వినలా. ఆ రోజు మొగుడి మీద ఎంత మండిందంటే, కొట్టటానికి కర్ర కోసం చూసింది, కర్ర దొరకలా. చేను ఒంటెద్దుతో దున్నుతావా, నీకు బుద్ధుందా, వాన పడితే ఏం చేస్తావు, పిల్లల నోట్లో మన్ను కొడతావా అని ఒకటి మీద ఒకటి అడగతా ఉంటే, ఆయన ఏం చెప్పాడో తెలుసా? నెమ్మదిగా తలెత్తి ఇట్టా అన్నాడంట.

"నా కాళ్ళు కడిగారే నాంచారీ. పీట మీద కూర్చోబెట్టి, గోరువెచ్చటి నీళ్ళతో కడిగారు."

ఇంకేముంది! అంతదాకా మండింది ఒక లెక్క, అప్పుడు మండింది ఒక లెక్క. ఎందుకు అంత మండిందో ఆమెకే తెలీలా. దండెం మీదున్న పాత పలుపు లాగి భుజాన వేసుకుంది, కొంగు బిగించింది, పిల్లల్ని అత్తకప్పజెప్పి, సంత బాట పట్టింది. మొగుడు ఎనకాల రాబోతే, నువ్వొస్తే నిన్నక్కడ అమ్మేసి ఎద్దుని తెచ్చుకుంటా, ఉండు అన్నదంట. ఉన్నాడు.

పోయింది. గుమ్మం కాడోడు ఈమెకి దండం పెట్టలా. మట్టికొట్టుకుపోయిన కోక, చేతిలో పలుపు, ఎవరు పెడతారు? ఆపబోతే తోసుకుని లోపలికి పోయింది. లోపల పానకాలరాయుడు ఉయ్యాల బల్ల మీద తాంబూలం వేసుకుంటా ఉన్నాడు, చుట్టూ నలుగురైదుగురు పెద్దోళ్ళు, వాళ్ళలో ఒక రత్నాల షావుకారు. మా ఎద్దునియ్యి అంది నాంచారమ్మ. ఆయనకి కోపం రాలా. అట్టాంటోళ్ళకి రాదు. అమ్మా, ధర ముందే చెప్పాం, మీ ఆయన ఒప్పుకున్నాడు, ఎద్దునిచ్చాడు, పడుకున్నాడు, లేచాడు, ఇందులో మా తప్పేముంది అన్నాడు. నిజమే గదా, తప్పేముంది? అది ఆమెకీ తెలుసు. తెలిసే ఇంకా మండింది. నిద్ర ఒక సరుకా, మా ఆయన నిద్ర నువ్వే తీసుకో, మా ఎద్దు మాకు పారెయ్యి అంది. వాళ్ళందరూ విరగబడి నవ్వారంట. ఎద్దు తిన్న గడ్డయినా పేడైతది, పొలానికొస్తది, మీ పరుపు మీద దొర్లినందుకు ఏం మిగిలింది, ఒట్టి దోపిడీ ఇది అని ఈమె అరుస్తా ఉంటే, ఆ రత్నాల షావుకారు ఉన్నాడే, ఆయనకి పొద్దు పోవటంలా, ఒక మాటన్నాడు. రాయుడూ, ఈమెని కూడా ఒక రాత్రి ఊరికే పడుకోబెట్టు, తెల్లారినాక మా అందరి ముందూ చెప్పమను, ఈ రాత్రి ఎద్దు ఖరీదు చేస్తదా చెయ్యదా అని. చెయ్యదంటే ఎద్దు ఆమెది. చేస్తదంటే నోరు మూసుకుని పోవాల. సరదాగా ఉంటది అన్నాడు.

వాళ్ళకి సరదా. ఈమెకి చేను.

రాయుడు సరేనన్నాడు. ఈమె కూడా సరేనంది. చెయ్యదు అని అప్పుడే చెప్పేద్దామనుకుంది గానీ, చూడకుండా చెప్తే అబద్ధమైతది గదా అని ఊరుకుంది. రాయుడు లోపలికి చూసి, తిరుపాలమ్మా అని పిలిచాడు. పెద్దామె వచ్చింది, మొగుడూ పిల్లలూ లేని మనిషి, వచ్చినోళ్ళకి కాళ్ళు కడగటం, స్నానం చేయించటం, వడ్డించటం, పక్కెయ్యటం అన్నీ ఆమే. రాయుడు ఆమెతో, ఈమెని రాణిలాగా చూసుకో, పొద్దున లేచి చెయ్యదంటే తప్పు నీ చేతిదే అనుకుంటా, నీ మూట నువ్వు సర్దుకోవచ్చు అన్నాడు. నవ్వతానే అన్నాడు. తిరుపాలమ్మ తలూపింది. నాంచారమ్మ విన్నది. విని, నాకెందుకు, నా ఎద్దు నాకు కావాల అనుకుంది. అనుకోదా మరి?

తిరుపాలమ్మ ఈమెని లోపలికి తీసకపోయి పీట వేసింది, ఇత్తడి పళ్ళెం పెట్టింది, కాళ్ళు ఇవ్వమంది. నాంచారమ్మ ఇవ్వనంది. నాకంటే పెద్దదానివి, నా కాళ్ళు నువ్వు పట్టుకోటమేంది అంది. అమ్మా, ఇవ్వకపోతే నాకు మాటొస్తది అన్నది ఆమె. అప్పుడు ఇచ్చింది. ఆ కాళ్ళు చూస్తే, పగుళ్ళలో పోయినేడాది రేగడి ఇంకా అట్టానే ఉంది. తిరుపాలమ్మ గోరువెచ్చటి నీళ్ళు పోసి, నానబెట్టి, బొటనవేలితో నెమ్మదిగా రుద్దింది. ఎడం మడమలో ఎప్పటిదో తుమ్మముల్లు ఇరిగి లోపలే ఉంటే, దాన్ని సూదితో కదిలించి, నొప్పి తెలీకుండా తీసి అరచేతిలో పెట్టి చూపించింది. నాంచారమ్మ ఆ ముల్లుని చూసి, ఇంతకాలం దీని మీద నడిచానా అనుకుంది. తిరుపాలమ్మ తల రుద్దింది, వేణ్ణీళ్ళు పోసింది, సాంబ్రాణి పొగేసింది. తర్వాత ఆకేసి అన్నం పెట్టింది. సన్నన్నం, కందిపొడి, నెయ్యి, గుత్తొంకాయ, పొగలు వస్తా ఉన్నాయి. ఇక్కడ మీరు నన్ను అడగాల, పొగలొస్తే ఏమైంది అని. అడగరు, మీకు తెలుసు. పెళ్ళైన కాణ్ణించీ నాంచారమ్మ పొగలొచ్చే అన్నం వండింది గానీ తినలా. మామకి పెట్టాల, మొగుడికి పెట్టాల, పిల్లలకి పెట్టాల, అత్తకి పెట్టాల, అప్పుడు అడుగున ఉన్నది చల్లారిపోయినాక. ఆ ముద్ద నోట్లో పెట్టుకుంటే నాలుక కాలిందంట. కాలితే కళ్ళల్లో నీళ్ళొచ్చినయ్. అవి కోపం నీళ్ళు. ఇంకొంచెం పెట్టు అంది.

తిన్నాక పక్క చూపిస్తే, ఈమె మంచం ఎక్కకుండా తిరుపాలమ్మని అడిగింది, నువ్వు యాడ పడుకుంటావు అని. ఎనక కొట్టంలో, మీ ఎద్దుని కట్టేసిన పక్కనే అన్నది. ఈ మంచం మీద ఎప్పుడన్నా పడుకున్నావా అంటే, ఏం మాటలమ్మా అన్నది. అన్నం తిన్నావా అంటే, అందరిదీ అయినాక తింటా అన్నది. అప్పుడు నాంచారమ్మ ఆమె కాళ్ళు చూసిందంట. పొద్దస్తమానం నీళ్ళలో నానీ నానీ, వేళ్ళ సందులు తెల్లగా పాచిపోయి, చర్మం ఊడొస్తా ఉంది. ఊరందరి కాళ్ళు కడిగే మనిషి కాళ్ళు అట్టా ఉన్నాయి. నాంచారమ్మకి ఎక్కడో మండింది. కూర్చో అంది. ఆమె కూర్చోలా. భుజాలు పట్టి కూర్చోబెట్టింది, ఆ పళ్ళెమే లాగి, ఆ కాళ్ళు పట్టుకుని కడిగింది. మెత్తగా కడిగిందనుకుంటున్నారేమో, గిన్నె తోమినట్టు తోమింది. తిడతా తోమింది, పానకాలరాయుణ్ణి తిట్టింది, షావుకారుని తిట్టింది, మొగుణ్ణి తిట్టింది, నీకు నోరు లేదా అని ఆమెని కూడా తిట్టింది. తుడిచి, పసుపూ ఆముదం కలిపి వేళ్ళ సందుల్లో పెట్టింది. అప్పుడు తిరుపాలమ్మ అన్నది, తల్లీ, పొద్దున నీ ఎద్దు కోసం నువ్వు చెప్పాల్సింది చెప్పుకో, నన్ను చూసి మొగమాటపడమాక, నాకు మూట సర్దటం పెద్ద పనేం కాదు అని. ఇదిగో, ఈ మాట అనకుండా ఉంటే బాగుండేది. నాంచారమ్మ అటు తిరిగి పడుకుంది. పడుకుని, ఈ మనిషి ఏడిస్తే ఎంత తేలిగ్గా ఉండేది అనుకుంది. అనుకుంటానే నిద్రపోయింది.

తెల్లారి కళ్ళు తెరిస్తే ఎండ తడికల్లోంచి మంచం మీదకొచ్చింది. గుమ్మం కాడ తిరుపాలమ్మ ఎవర్నీ రానియ్యకుండా అడ్డంగా కూర్చుని ఉంది. ఎవరూ లేపలా. పాలు పిండమని, నీళ్ళు తెమ్మని, పిల్లోడు ఏడుస్తన్నాడని ఎవరూ పిలవలా. ఒళ్ళంతా దూదిలాగా ఉంది. చుట్టూ అద్దాల్లో నలుగురు నాంచారమ్మలు లేచి కూర్చున్నారు, నలుగురి మొహాలూ నిగనిగలాడతా ఉన్నాయి. అంత హాయిగా ఉండటం చూసి ఆమెకి ఎంత కోపమొచ్చిందంటే, ఆ అద్దాల వంక చూళ్ళేకపోయింది. ఎనక కొట్టం కాడికి పోయింది. ఎలపటెద్దు ఈమెని చూసి చెవులు ఆడించింది, చెయ్యి నాకింది. దాని మెడ కింద గంగడోలు నిమిరి వచ్చేసింది.

అందరూ వసారాలో చేరారు. రాయుడు ఉయ్యాల మీద, షావుకారు ముందర, పనోళ్ళు గోడలకి ఆనుకుని. తిరుపాలమ్మ చేతిలో నీళ్ళ బిందెతో ఒక పక్కన. చెప్పమ్మా అన్నాడు షావుకారు. నాంచారమ్మకి ఎద్దు కనపడింది, చేను కనపడింది, పడమట మబ్బు కనపడింది. చెయ్యదు అంటే సరిపోయే. ఒక్క మాట. ఎద్దుని తోలుకుని పోవచ్చు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. వచ్చి, ఆడ ఆగిపోయింది.

"చేస్తది. ఎద్దు ఖరీదు చేస్తది, ఇంకా ఎక్కువే చేస్తది."

రాయుడు తొడ మీద చరుచుకుని నవ్వాడంట. షావుకారు, చూశావా అన్నాడు. అప్పుడు నాంచారమ్మ, ఆగండి, నా మాట ఇంకా అయిపోలా అన్నది. అని ఏమన్నదంటే, "రాయుడూ, నీ అద్దాలకి నేను గుప్పెడు చొప్ప కూడా ఇయ్యను. నీ మంచానికి ఇయ్యను. ఈ రాత్రిలో ఎద్దు ఖరీదు చేసింది ఈమె చేతులు. ముల్లు తీసింది ఈమె, అన్నం వేడిగా పెట్టింది ఈమె, నన్ను లేపకుండా ఎవర్నీ రానియ్యకుండా గుమ్మం కాడ కూర్చుంది ఈమె. ఎద్దు ఈమెకియ్యి." అంతే, నవ్వు ఆగిపోయింది. ఈమెకి నువ్వేమిస్తన్నావు అని అడిగింది. రెండు పూటలా తిండి పెడతన్నా, నీడ ఇచ్చా, ఇంకేమియ్యాల అన్నాడు రాయుడు. అని, ఇంకో మాట కూడా అన్నాడు, నా ఉప్పు తినే చేతులు నావే, వాటి సంపాదనా నాదే అని. నాంచారమ్మ ఆ వసారాలో ఉన్న ఒక్కొక్కరి మొహం చూసిందంట. మీరు పెద్దోళ్ళు గదా, మీరన్నా చెప్పండి అని. ఒకాయన గోళ్ళు చూసుకున్నాడు. ఒకాయన తాంబూలం ఉమ్మి వస్తానని లేచాడు. ఆ షావుకారు, రాత్రంతా సరదా పడినాయన, నా స్నానానికి నీళ్ళు కాగినయ్యా అని అడిగాడు.

అప్పుడు తిరుపాలమ్మ బిందె కింద పెట్టింది. చేతులు కొంగుకి తుడుచుకుంది. "చేతులు నావయ్యా" అన్నది. గట్టిగా కూడా అనలా. అని, మూట సర్దుకోటానికి కూడా లోపలికి పోకుండా, అట్టానే గుమ్మం దిగి పోయింది.

మరి ఎద్దు వచ్చిందా అని అడుగుతారు మీరు. రాలా. ఎందుకొస్తది? పందెం పందెమే గదా, చేస్తదని ఈమె నోటితోనే అన్నది గదా. రాయుడు ఇయ్యలా, ఎవరూ ఇప్పించలా. నాంచారమ్మ ఒట్టి పలుపు భుజాన వేసుకుని బాటెంబడి నడుస్తా, తన్ను తనే తిట్టుకుందంట. ఒక్క మాట అని ఉంటే పోయేది గదే, నీ నిజం తగలబడ, పిల్లలకి నిజం వండిపెడతావా అని. ఏరు దాటాక చూస్తే, ముందే బయల్దేరి ఏటి ఒడ్డున కూర్చున్న తిరుపాలమ్మ లేచి ఎనకాల వస్తా ఉంది. నా ఎనకాల ఎందుకొస్తన్నావు, నాకే తిండి లేదు, నా ఎద్దు పాయె అని అరిచింది. నీ ఎనకాల రావటంలా, బాట ఇటే ఉంది అన్నది ఆమె. ఇద్దరూ అట్టానే పోట్లాడుకుంటా నడిచారు. సగం దూరం రాగానే వాన అందుకుంది. మంచి వాన, అదును వాన. ఆ వాన చూసి నాంచారమ్మ బాట మధ్యలో నిలబడి ఆకాశాన్ని కూడా తిట్టిందంట.

ఇంటికొచ్చేసరికి పోలయ్య అరుగు మీదున్నాడు. పెళ్ళాం భుజాన ఒట్టి పలుపు చూశాడు, ఎనకాల తిరుపాలమ్మని చూశాడు, చూసి దిగ్గున లేచి నిలబడ్డాడు. గుర్తుపట్టాడు గదా, తన కాళ్ళు కడిగిన మనిషి. ఆమె తన గడప ముందర తడిసి నిలబడి ఉంటే ఎటు చూడాలో తెలీలా ఆయనకి. జరిగింది నాంచారమ్మ చెప్పింది. అంతా విని, ఆ పిచ్చిమారాజు ఏం అడిగాడో తెలుసా? బాగుందా అని అడిగాడు. ఆమె ఆ ఒట్టి పలుపు ఆయన కాళ్ళ ముందర పడేసి అన్నదంట.

"బాగుంది. అందుకే నిన్ను కొట్టకుండా ఉన్నా. అందుకే కొట్టాలని కూడా ఉంది. ఆ కాస్త కోసం మనిషి ఎద్దుని పట్టుకుని యాడికో పోవాలా? ఇంట్లో నీళ్ళు లేవా? పొయ్యి లేదా?" అని, అరుగు మీద కూర్చుంది. తిరుపాలమ్మని పక్కన కూర్చోబెట్టుకుంది. కాళ్ళు చాపింది. నీళ్ళు కాచుకురా అంది. అత్త లోపల్నించి, ఇదెక్కడి చోద్యమే, మొగుడి చేత కాళ్ళు కడిగించుకుంటదా అని అరుస్తా ఉంది, ఎదురింటోళ్ళు వానలో తడుస్తా నిలబడి చూస్తన్నారు. పోలయ్య కాచుకొచ్చాడు. ముందు తిరుపాలమ్మ కాళ్ళు, తర్వాత పెళ్ళాం కాళ్ళు. ఆయనకి చాతకాలా, ఎద్దుని కడిగినట్టు గడ్డి పెట్టి రుద్దుతా ఉంటే, మడమ నొక్కమాక, ముల్లు తీసిన చోటు అది, కళ్ళు కనపడవా అని ఆమె అరుస్తా ఉంది.

ఆ ఏడు కాడికి ఒక పక్క దాపటెద్దు, రెండో పక్క ఒక సాలు మొగుడు, ఒక సాలు పెళ్ళాం. తిరుపాలమ్మ మేడి పట్టుకుంది. సగం చేనే దున్నారు, సగం బీడు పెట్టారు. అంబలి పల్చనైంది. పిల్లలు చిక్కిపోయారు. తిరుపాలమ్మ మాత్రం ఆ ఇంట్లోనే ఉండిపోయింది, పోయేదాకా. పోలయ్య కాళ్ళు కడగటం నేర్చుకున్నాడంటారు, అన్నం కూడా అందరూ ఒకేసారి కూర్చుని తినేవాళ్ళంటారు, అత్త ఆఖరిదాకా ఒప్పుకోలేదంటారు. విడిది కూలిపోయిందని కొందరు చెప్తారు, తిరుపాలమ్మ ఉసురు తగిలి అద్దాలన్నీ పగిలినయ్యని. నాకు నమ్మకం లేదు. అట్టాంటివి కూలవు. ఇంకోళ్ళని పెట్టుకుని ఉంటాడు, పిలిస్తే వచ్చేవాళ్ళకి కరువా?

ఇప్పుడు కూడా పట్నంలో అట్టాంటివి ఉన్నాయి గదా, పెద్ద పెద్ద హోటళ్ళు, ఒక రాత్రికి మన మిరప పంటంత. అంత పెట్టి పడుకోవచ్చా అని నన్ను అడిగితే, పడుకోండి, బాగుంటది, నేనెందుకు కాదంటాను. ఆ బాగు ఎవరి చేతిదో చూసి పడుకోండి. ఏందిరా బాలకోటీ, మొగుడు కాళ్ళు కడిగాడంటే అంత నవ్వొస్తందా నీకు? నీ పెళ్ళాం ఎండన పడి తెచ్చిన సద్ది తిని, గిన్నె ఆడనే వదిలేసి నవ్వుతున్నావు, దాని మీద ఈగలు ముసిరినయ్యి. లేచి అది కడుక్కురా, పో.